ఊదిన కొద్దీ తగ్గిపోయే అంకెలు

పేరు వేయవద్దని కోరుతూ ముప్పై ఎనిమిదేళ్ల పాఠకురాలొకరు సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. చిన్నతనం నుంచీ జలుబు చేసినప్పుడల్లా ఆమెకు ఆయాసం, పిల్లికూతలు వచ్చి, కొన్నాళ్లకు తగ్గిపోయేవి. ఏడాదిగా రాత్రి పూట దగ్గు ఎక్కువ కావడంతో వైద్యుడు స్పైరోమెట్రీ, అంటే గొట్టంలోకి ఊది ఊపిరితిత్తుల సామర్థ్యం కొలిచే పరీక్ష, చేయించుకు రమ్మన్నారు. నిండా ఊపిరి పీల్చి, ఒక్కసారిగా బలంగా వదిలి, చివరి దాకా ఊదుతూనే ఉండాలని అక్కడివారు చెప్పారు. మొదటిసారి బాగానే ఊదారు. రెండోసారికి ఛాతీ పట్టేసినట్టయింది, మూడోసారికి దగ్గు తెర వచ్చింది, నాలుగోసారి ఊదాక లోపలి కూత ఆమెకే వినపడింది. మొదటి సెకనులో బయటికి వచ్చిన గాలి వరసగా 2.50, 2.31, 2.12, 1.96 లీటర్లుగా నమోదైంది. పరీక్ష చేస్తున్న టెక్నీషియన్ "మీరు మనసు పెట్టి ఊదడం లేదమ్మా" అని విసుక్కుంటూ మరో రెండుసార్లు ఊదించారు, ఆ అంకెలు ఇంకా తక్కువగా వచ్చాయి. చివరికి మందు పీల్పించి చేయాల్సిన రెండో భాగం చేయకుండానే, "సహకారం చాలలేదు, ఫలితాలు నిలకడగా లేవు, పరీక్ష మళ్లీ చేయాలి" అని రాసి పంపించేశారు.

రెండు వారాల్లో ఆమె మళ్లీ వెళ్లాలి. భర్త "నీకు భయం ఎక్కువ, ఆ భయమే ఇదంతా చేస్తోంది" అంటున్నారు. ఆ రోజు వేళ్ల చివర్లు తిమ్మిరెక్కిన మాట నిజమే కనుక, అదే అయి ఉంటుందేమోనని ఆమెకూ అనిపిస్తోంది. అక్కగారేమో "వెళ్లే ముందు రెండు పఫ్‌లు పీల్చుకుని వెళ్లు, ఎవరికి తెలుస్తుంది" అని సలహా ఇచ్చారు. అసలు వెళ్లకుండా ఉండటం, వెళ్లినా సగం ఊపిరే పీల్చి ఊదడం అనే ఆలోచనలు కూడా ఆమెకు ఉన్నాయి. ఆ రోజు నుంచి ఇంట్లో కూడా నిండుగా ఊపిరి తీసుకోవడానికి జంకుతున్నారు. రోజూ వాడమని ఇచ్చిన స్టెరాయిడ్ ఇన్‌హేలర్‌ను, బాగానే ఉంది కదా అని కొన్ని నెలల కిందట మానేశారు. ఆయాసం వస్తే మాత్రం, ముడుచుకున్న శ్వాసనాళాలను సడలించే సాల్బుటమాల్ ఇన్‌హేలర్ పఫ్ తీసుకుంటున్నారు. "పరీక్ష నేను సరిగా చేయలేకపోయానా, లేక ఆ పరీక్షే నాకు ఆయాసం తెచ్చిందా?" అన్నది ఆమె ప్రశ్న.

సమాధానం

మీ ప్రశ్నలో మొదటి సగానికి నా సమాధానం కాదు అని, రెండో సగానికి కొంతవరకు అవును అని. మీరు పంపిన నాలుగు అంకెలనూ టెక్నీషియన్ సహకార లోపంగా చదివారు. నాకు వాటిలో మీ శ్వాసనాళాల స్వభావం కనిపిస్తోంది. మనసు పెట్టి ఊదని మనిషి అంకెలు సాధారణంగా ఒకసారి తక్కువగా, ఒకసారి ఎక్కువగా, క్రమం లేకుండా వస్తాయి. మీవి మెట్లు దిగినట్టు ఒకే దిశలో తగ్గాయి, దానితోపాటు బిగుతు, దగ్గు, కూత అదే క్రమంలో పెరిగాయి. ఆస్తమా ఉన్న కొందరిలో నిండుగా తీసుకున్న ఊపిరే శ్వాసనాళాలను ఇంకా ముడుచుకునేలా చేస్తుందన్న సంగతి వైద్య పత్రికల్లో 1970లలోనే వచ్చింది. అందువల్ల మీకు జరిగినది అరుదే కావచ్చు గాని, కొత్తదీ కాదు, మీరు కల్పించుకున్నదీ కాదు.

ఆరోగ్యవంతుల్లో జరిగేది దీనికి పూర్తిగా వ్యతిరేకం. చిన్న శ్వాసనాళాల గోడలను చుట్టూ ఉన్న ఊపిరితిత్తుల కణజాలం, గుడారాన్ని నలువైపులా లాగి పట్టిన తాళ్ల మాదిరిగా, బయటివైపుకు లాగి ఉంచుతుంది. నిండుగా ఊపిరి పీల్చినప్పుడు ఆ లాగుడు పెరిగి నాళాలు వెడల్పవుతాయి, వాటి గోడల్లోని నునుపు కండరం సాగి, దానిలోని పట్టు కొంతసేపు సడలిపోతుంది. నాడెల్, టియర్నీ అనే ఇద్దరు పరిశోధకులు 1961లోనే ఈ ప్రభావాన్ని కొలిచి చూపారు: ఆరోగ్యవంతుల శ్వాసనాళాలను మందుతో ముడుచుకునేలా చేసిన తర్వాత ఒక్క లోతైన ఊపిరి తీసుకోమంటే, గాలి ప్రవాహానికి ఉన్న అడ్డు చాలా వరకు తగ్గింది. మనకు తెలియకుండానే గంటకు కొన్నిసార్లు తీసే నిట్టూర్పులు కూడా శ్వాసనాళాలను ఈ విధంగానే సడలిస్తుంటాయి.

ఆస్తమాలో ఈ ఏర్పాటు దెబ్బతింటుంది. వాపు వల్ల నాళాల గోడలు దళసరి అవుతాయి, చుట్టూ ఉన్న కణజాలపు లాగుడు కండరం దాకా సరిగా చేరదు, చేరినా బిగిసిపోయిన కండరం మునుపటిలా సాగదు. కొందరిలో ఆ సాగదీతకే కండరం మరింత బిగుసుకుంటుంది. ఊపిరితిత్తుల నుంచి వెళ్లే నాడీ సంకేతాల పాత్ర కూడా ఇందులో ఉందని చెప్పేవారున్నారు. తీవ్రత మనిషిని బట్టి, అదే మనిషిలో రోజును బట్టి మారుతుంది. వాపు అదుపులో లేని రోజుల్లో లోతైన ఊపిరి చేయాల్సిన మేలు బాగా తగ్గిపోవడమో, తిరగబడటమో జరుగుతుంది. మీరు ఆ వాపును అదుపు చేసే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ మానేసిన నెలల్లోనే ఈ పరీక్ష జరిగిందన్న వివరం మీ ఉత్తరంలో ఒక మూలన ఉంది. నా దృష్టిలో అది మొదటి వరుసలో ఉండాల్సిన సంగతి.

ఇక వేళ్ల తిమ్మిరి విషయం. మీ వారి మాటలో కొంత నిజం ఉంది, అయితే ఆయన అనుకున్న చోట లేదు. వరసగా బలంగా ఊదినప్పుడు, కంగారులో గబగబా ఊపిరి తీసినప్పుడు రక్తంలోని కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్లు, పెదవుల చుట్టూ తిమ్మిరి, తల తేలికైపోవడం కలుగుతాయి. అదొక్కటే సాధారణంగా కూత పుట్టించదు, మొదటి సెకను గాలిని ఐదో వంతు తగ్గించదు. ఆ రోజు మీలో రెండూ కలిసి ఉన్నాయన్నది నా అంచనా. తిమ్మిరి ఊపిరి ఎక్కువ తీయడం వల్ల వచ్చింది, బిగుతు నాళాలు ముడుచుకోవడం వల్ల వచ్చింది. ఒకదాన్ని చూపి రెండోదాన్ని కొట్టిపారేయడానికి వీల్లేదు. మరొక అవకాశాన్ని కూడా పరిశీలించాలి: ఊపిరి వదిలేటప్పుడు కాకుండా పీల్చేటప్పుడు ఇబ్బంది, ఛాతీలో కాకుండా గొంతు దగ్గర బిగుతు, స్వరం మారడం ఉంటే అది స్వరతంత్రులు సమయం కాని సమయంలో దగ్గరకు రావడం కావచ్చు. మీరు రాసిన లక్షణాలు అటు మొగ్గడం లేదు. అయినా బిగుతు ఎక్కడ, ఊపిరి ఏ దశలో ఉండగా వచ్చిందన్నది వైద్యుడికి ఈ మాటల్లోనే చెప్పండి.

"ఫలితాలు నిలకడగా లేవు" అని వారు రాసింది అబద్ధం కాదు. స్పైరోమెట్రీ ప్రమాణాల ప్రకారం సరిగా ఊదిన ప్రయత్నాలు కనీసం మూడు ఉండాలి, వాటిలో ఎక్కువగా వచ్చిన రెండు అంకెల మధ్య తేడా 0.150 లీటరుకు మించకూడదు. మీ మొదటి రెండు అంకెల మధ్య తేడా 0.190 లీటరు, కనుక ఆ కొలమానం ప్రకారం పరీక్ష నిలవలేదు. అయితే అవే ప్రమాణాల్లో ఇంకో రెండు మాటలు ఉన్నాయి. అంకెలు ఒకదానితో ఒకటి సరిపోలలేదన్న ఒక్క కారణంతో పరీక్షను తోసిపుచ్చకూడదన్నది ఒకటి. మొదటి సెకను గాలి మొదలుపెట్టినప్పటి అంకె కంటే 20 శాతానికి మించి తగ్గితే రోగి క్షేమం కోసం అక్కడితో ఆపేయాలన్నది రెండోది. 2.50 నుంచి 1.96కు రావడమంటే 21 శాతం దాటిన తగ్గుదల. నాలుగో ప్రయత్నం తర్వాత మీ చేత ఊదించకుండా, మందు పీల్పించి, అంకె తిరిగి పెరుగుతుందేమో చూడవలసింది. ఆ టెక్నీషియన్‌ను నిందించాలని ఈ మాట చెప్పడం లేదు, ఎనిమిది సార్ల దాకా ఊదించవచ్చన్న నియమం కూడా ఉంది, రోజంతా నిజంగానే సరిగా ఊదనివారిని చూసే కళ్లకు మీరూ వారిలో ఒకరిగా కనిపించి ఉండవచ్చు. కాని ఈ విషయం మీకు తెలిసి ఉండటం వల్ల రెండోసారి ఆ గదిలో మీరు అడగవలసింది అడగగలుగుతారు.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం. వెళ్లకుండా ఉండటం మీ హక్కే. దాని వల్ల ఆ రోజు పడిన ఇబ్బంది తప్పుతుంది, కాని మీ రాత్రి దగ్గుకు కారణం ఆస్తమాయేనా, అయితే ఎంత తీవ్రత, మందు ఎంత కావాలి అనేవన్నీ ఊహల మీదే నడుస్తాయి. అవసరానికి మించి మందు వాడటమో, చాలీచాలకుండా వాడటమో జరుగుతుంది, రెండోది ఎక్కువ ప్రమాదకరం. అదీకాక, ముందు ముందు జబ్బు తగ్గిందో పెరిగిందో పోల్చి చూసుకోవడానికి మీ దగ్గర ఒక్క నమ్మదగిన అంకె కూడా ఉండదు.

సగం ఊపిరి పీల్చి ఊదాలన్న ఆలోచనను మాత్రం పూర్తిగా వదులుకోమని అడుగుతాను. అలా చేస్తే మొదటి సెకను గాలి, మొత్తం గాలి రెండూ కలిసి తగ్గుతాయి, రెండింటి నిష్పత్తి మామూలుగానే ఉంటుంది. ఆ కాగితం చూసినవారికి శ్వాసనాళాలు ఇరుకైనట్టు కాక ఊపిరితిత్తులే కుంచించుకుపోయినట్టు తోస్తుంది. అక్కడి నుంచి లేని జబ్బు కోసం స్కాన్‌లు, మరిన్ని పరీక్షలు మొదలవుతాయి, ఉన్న జబ్బు పక్కకు పోతుంది.

అక్కగారి సలహా ఇంత చెడ్డది కాదు, దానిలోని రహస్యమే చెడ్డది. సాల్బుటమాల్ లాంటి త్వరగా పనిచేసే మందును పరీక్షకు ముందు నాలుగు నుంచి ఆరు గంటల పాటు ఆపమంటారు, ఎందుకంటే మందు లేనప్పటి స్థితి ఒకసారి, మందు తర్వాతి స్థితి ఒకసారి చూడటమే ఆ పరీక్షకు ప్రాణం. సాధారణంగా 400 మైక్రోగ్రాముల సాల్బుటమాల్ పీల్పించి, పావుగంట ఆగి మళ్లీ ఊదిస్తారు. 2005 ప్రమాణం ప్రకారం 12 శాతం, దానితోపాటు 200 మిల్లీలీటర్లు పెరిగితే నాళాలు మందుకు స్పందించినట్టు లెక్క, 2022లో వచ్చిన ప్రమాణం మీ వయసుకు, ఎత్తుకు ఉండాల్సిన అంకెలో 10 శాతానికి మించిన పెరుగుదలను చూస్తుంది. మీరు ముందే పఫ్ తీసుకుని చెప్పకుండా కూర్చుంటే మొదటి అంకె బాగా వస్తుంది, మందు తర్వాత పెరగడానికి చోటుండదు, నివేదిక "ఆస్తమా ఆధారాలు లేవు" అని రావచ్చు. ఆ వాక్యం మీ ఫైలులో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. కాని జబ్బు ఇప్పటికే నిర్ధారణ అయ్యి, చికిత్స ఎలా ఉందో చూడటమే ఉద్దేశమైతే, మందుల మీద ఉండగానే పరీక్ష చేయమని వైద్యులే చెబుతారు. అందువల్ల ఆ ప్రశ్నను వైద్యుడి ముందు పెట్టండి: "ఈ పరీక్ష నాకు జబ్బు తేల్చడానికా, చికిత్స చూడటానికా? ఇన్‌హేలర్ ఆపాలా, వాడాలా?" ఆపమన్నా కూడా, ఆ ఉదయం నిజంగా ఆయాసం వస్తే పఫ్ తీసుకోండి, ఏ సమయానికి తీసుకున్నారో చెప్పండి. పరీక్షను ఇంకో రోజుకు మార్చుకోవచ్చు.

నేనైతే మొగ్గేది ముందుగా చెప్పి పరీక్షకు వెళ్లే దారికి. ఒక చిన్న కాగితం మీద, పోయినసారి వచ్చిన నాలుగు అంకెలు అదే క్రమంలో రాసి, "లోతైన ఊపిరి తీసిన ప్రతిసారీ ఛాతీ బిగిసి అంకె తగ్గింది, కూత వచ్చింది, పఫ్ తర్వాతి పరీక్ష జరగలేదు" అని జోడించి, ముందు వైద్యుడికి, తర్వాత టెక్నీషియన్‌కు చూపించండి. వైద్యుడే తన చీటీ మీద ఒక వాక్యం రాస్తే ఇంకా మంచిది, పరీక్ష గదిలో రోగి మాట కంటే వైద్యుడి రాత ఎక్కువ పలుకుతుంది. అంకె 20 శాతం తగ్గితే ఆపి మందు ఇవ్వమని, ప్రతి ప్రయత్నానికీ మధ్య తగినంత విరామం ఇవ్వమని, అన్ని ప్రయత్నాల గ్రాఫు గీతలనూ వరుస మారకుండా ముద్రించి ఇవ్వమని అడగండి. ఆ గీతల్లోనే అసలు సాక్ష్యం ఉంటుంది. బద్ధకంగా ఊదినప్పుడు గీత మొదట్లోనే మొండిగా, గుండ్రంగా వస్తుంది. బాగా ఊదినా నాళాలు ముడుచుకుంటే మొదటి శిఖరం నిటారుగా వచ్చి, తర్వాత దిగే భాగం లోపలికి గుంటపడుతుంది, ప్రయత్నం తర్వాత ప్రయత్నానికి ఆ గుంట పెరుగుతుంది. అనుభవమున్న వైద్యుడికి తేడా చూడగానే తెలుస్తుంది.

మీ విషయంలో మొదటి ప్రయత్నానికి ఎక్కువ విలువ ఉంది, ఎందుకంటే నివేదికకు తీసుకునేది అన్నింటిలోకి పెద్ద అంకెనే. కనుక ఇంట్లో పూర్తి బలంతో ఊది సాధన చేసి వెళ్లకండి. ఎలా పీల్చాలో, ఎలా వదలాలో టెక్నీషియన్‌ను ముందు చేసి చూపించమనండి, అర్థమయ్యాకే మొదటిసారి ఊదండి. పరీక్షకు ముందు గంటసేపు శ్రమపడకుండా ఉండటం, బిగుతు దుస్తులు లేకుండా వెళ్లడం అందరికీ చెప్పేవే. జలుబో జ్వరమో ఉంటే వాయిదా వేసుకోండి. ఈ దారిలో కూడా నష్టం లేకపోలేదు: ఛాతీ మళ్లీ బిగుసుకోవచ్చు, నివేదికలో "నిలకడ లేదు" అన్న మాట మళ్లీ రావచ్చు. కాని ఈసారి దాని పక్కన కారణం ఉంటుంది, మందు తర్వాతి అంకె ఉంటుంది. ఇలా వచ్చిన బిగుతు సాధారణంగా మందు పీల్చగానే సడలుతుంది. పఫ్ తర్వాత కూడా పూర్తి వాక్యం మాట్లాడలేకపోవడం, పెదవులు నీలంగా మారడం ఉంటే మాత్రం అక్కడే, వెంటనే చెప్పాలి.

లోతైన ఊపిరి గాని, బలంగా ఊదడం గాని అవసరం లేని కొలతలూ ఉన్నాయి. ఆసిలోమెట్రీలో మీరు మామూలుగా ఊపిరి తీస్తూ కూర్చుంటే చాలు, యంత్రం పంపే చిన్న ఒత్తిడి తరంగాలు నాళాల అడ్డును కొలుస్తాయి. ఈ పద్ధతి మూలం 1956 నాటిదే అయినా, పరికరం అన్ని చోట్లా దొరకదు, స్పైరోమెట్రీకి పూర్తి ప్రత్యామ్నాయమూ కాదు. మీలాంటివారికి ముందు అది చేసి, తర్వాత ఊదిస్తే, ఊదక ముందున్న అడ్డు ఎంత, ఊదాక ఎంత అన్నది విడిగా తెలుస్తుంది. ఊపిరిలోని నైట్రిక్ ఆక్సైడ్‌ను కొలిచే పరీక్ష ఆస్తమాలో ఒక రకమైన వాపు జాడను చూపుతుంది, దానికి నిండుగా పీల్చాలి గాని, బలంగా ఊదనక్కర్లేదు, నిదానంగా వదిలితే చాలు. దాన్ని ఊదే పరీక్షకు ముందే చేయించుకోవడం మంచిది. ఇంట్లో పీక్ ఫ్లో మీటరుతో, అంటే ఊదిన గాలి గరిష్ఠ వేగాన్ని చూపే చిన్న పరికరంతో, రెండు వారాలు ఉదయం, సాయంత్రం కొలిచి రాయడం కూడా ఉపయోగమే. పెద్దవారిలో రోజువారీ హెచ్చుతగ్గుల సగటు 10 శాతం దాటితే ఆస్తమా అనుమానం బలపడుతుంది. దీనికి మాత్రం నిండు ఊపిరితో బలంగా ఊదాలి, కనుక ప్రతిసారీ ఊదిన మూడు ప్రయత్నాల అంకెలూ వరుసగా రాయండి, పెద్దదొక్కటే కాదు.

ఎవరైనా మీకు మెథకోలిన్ పీల్పించే పరీక్ష సూచిస్తే పోయినసారి జరిగినది తప్పక చెప్పండి. ఆ పరీక్షలో నాళాలను ఉద్దేశపూర్వకంగానే ముడుచుకునేలా చేస్తారు, ఊదినంత మాత్రానే 20 శాతం తగ్గే మనిషిలో ఆ తగ్గుదలకు కారణం మందో, ఊదడమో చెప్పడం కష్టమవుతుంది.

మానేసిన స్టెరాయిడ్ ఇన్‌హేలర్ సంగతి. దాన్ని ఇవాళే మొదలుపెడితే రెండు వారాల్లో వాపు కొంత తగ్గి, పరీక్ష తేలిగ్గా జరగవచ్చు, లోతైన ఊపిరికి నాళాల స్పందన కూడా కొందరిలో మెరుగవుతుంది. ఇంకోవైపు, జబ్బు ఇంకా తేలలేదని వైద్యుడు భావిస్తే, మందు లేని స్థితిలో ఒక అంకె ఆయనకు కావాలి. రాత్రి దగ్గుతో మీరు వారంలో చాలా రాత్రులు లేస్తున్నా, సాల్బుటమాల్ తరచుగా అవసరమవుతున్నా పరీక్ష కోసం చికిత్సను ఆపి కూర్చోవడం సబబు కాదు. అలా లేకపోతే వేచి చూడవచ్చు. ఈ నిర్ణయానికి రెండు వారాలు ఆగకుండా, ఈ వారమే ఫోన్‌లోనైనా అడగండి. మందు మానేశానన్న మాట చెప్పడానికి మొహమాటపడకండి, అది తెలియకుండా ఆయన మీ అంకెలను సరిగా చదవలేరు.

ఇంట్లో ఊపిరిని పొదుపుగా వాడుకుంటున్నానని రాశారు. దాని వల్ల రక్షణ దొరకదు. 1995లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో ఆరోగ్యవంతులను లోతైన ఊపిరి తీసుకోవద్దని చెప్పి మెథకోలిన్ ఇస్తే, వారి శ్వాసనాళాలు ఆస్తమా ఉన్నవారివాటిలా ముడుచుకున్నాయి. పరీక్షలో వరసగా పూర్తి బలంతో ఊదడం వేరు, రోజులో సహజంగా వచ్చే నిట్టూర్పు, ఆవులింత, నవ్వు వేరు. వాటిని ఆపుకోకండి. అవి కూడా ప్రతిసారీ దగ్గునో కూతనో తెస్తుంటే, అది మీ వాపు అదుపులో లేదనడానికి గుర్తు, ఆ కాగితం మీద ఇంకో వాక్యంగా రాయండి.

మీ వారిని వీలైతే వెంట తీసుకెళ్లండి. వాదించి ఒప్పించడం కంటే, ఊదకముందు అంకె, ఊదాక అంకె, మందు పీల్చాక తిరిగి పెరిగిన అంకె ఆయన తెర మీద స్వయంగా చూడటం సులభం. మందు తర్వాతి పరీక్ష పూర్తయ్యేదాకా మాత్రం ఆ గది నుంచి కదలకండి. ఆలస్యమైందని, మరో రోజు చేస్తామని అంటే, ఎందుకు చేయలేదో నివేదికలో రాయమని అడిగి, అన్ని గీతలున్న కాగితాలు తీసుకుని వైద్యుడి దగ్గరకు వెళ్లండి.